వెలుగు చేరని చోట ఆహారం: కోనసీమ నుంచి బొర్రా గుహల దాకా

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ ఒండ్రు పేరుకొని ఏర్పడిన కోనసీమలో ఎండ వృథాగా నేలను తాకే చోటు అరుదు. కొబ్బరి మట్టల సందుల్లోంచి జారిన వెలుతురును అరటి ఆకు అందుకొంటుంది, అరటి వదిలిన దానిని కంద మొక్కా కోకో చెట్టూ పట్టుకొంటాయి, తోట దాటితే వరిచేలు, చేలు దాటితే కాలువ నీటిపై గుర్రపుడెక్క పరుచుకొని ఉంటాయి. ఆకులోని పచ్చని పదార్థం సూర్యకాంతి బలంతో నీటినీ గాలిలోని కార్బన్ డయాక్సైడునూ కలిపి చక్కెరగా మార్చే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అంటారు. ఈ ప్రాంతపు చేపా పశువూ పక్షీ మనిషీ అన్నీ ఆ చక్కెరలో దాగిన శక్తిమీదనే బతుకుతున్నాయి. అయితే ఆకు మొలవని చోట, కిరణం సోకని చోట ప్రాణికి శక్తి ఎక్కడినుంచి వస్తుందన్నది జీవశాస్త్రంలో లోతైన ప్రశ్నలలో ఒకటి. ఆ ప్రశ్నను కళ్లారా పరిశీలించడానికి అమలాపురం నుంచి బయలుదేరే యాత్రికుడికి సులువుగా అందే పెద్ద గుహలు అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని బొర్రా గుహలే. కోనసీమ జిల్లా, ఆ గుహలున్న జిల్లా రెండూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. ఒకటి సముద్రమట్టాన్ని ఆనుకొని ఉన్న డెల్టా అయితే, రెండవది తూర్పు కనుమల శిఖరసీమ.

కోనసీమలో గుహలు లేకపోవడానికి కారణం స్పష్టం. గుహ ఏర్పడాలంటే నీటికి కరిగే రాయి కావాలి. ఇక్కడ కొన్ని కిలోమీటర్ల మందాన పేరుకొని ఉన్నది నదులు తెచ్చిన మట్టి, ఇసుక, బంకమన్ను. అయినా చీకటి జీవావరణానికి గుహ ఒక్కటే నిలయం కాదు. మనిషి దూరగలిగిన బొరియనే గుహ అనడం మనిషి కొలతను బట్టి చేసిన నిర్వచనం మాత్రమే. మిల్లీమీటరు పొడవున్న ప్రాణికి రెండు ఇసుక రేణువుల మధ్య సందు కూడా గుహే అవుతుంది. 1882లో వెజ్‌డోవ్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు ప్రాగ్ నగరపు బావి నీటిలో దొరికిన ఒక సూక్ష్మ క్రస్టేషియన్‌ను, అంటే రొయ్య, పీతలు చేరిన వర్గానికి చెందిన ప్రాణిని, బాతినెల్లా అనే పేరుతో లోకానికి పరిచయం చేశాడు. భూగర్భజలం కూడా ఒక ఆవాసమే. కళ్లు లేక, రంగు లేక, పురుగులా సన్నగా సాగిన దేహంతో ఉండే ఈ చిరు ప్రాణులు ఆ ఇరుకు సందుల్లోనే పుట్టి, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే ముగుస్తాయి.

తెలుగునేలమీద ఈ రహస్య లోకాన్ని తవ్వి చూపిన ఘనత ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు వై. రంగారెడ్డిదీ ఆయన శిష్యబృందానిదీ. వారు తెలుగు నదుల ఇసుకమేటల నుంచి, బావుల నుంచి, బోర్ల నుంచి, గుహల నీటి గుంటల నుంచి అంతవరకు శాస్త్రానికి తెలియని పలు జాతులను వర్ణించారు. వాటిలో 2002లో ప్రకటించిన హాబ్రోబాతినెల్లా నాగార్జునై ఒకటి. ఈ ప్రాణులను పట్టే పద్ధతి గోదావరి లంకల రైతుకు పరాయిది కాదు. ఏటి ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వి, పక్కల నుంచి ఊరివచ్చే నీటిని సన్నని వలగుడ్డలో వడకట్టడమే దాని సారం. వేసవిలో దాహం తీర్చుకోవడానికి తవ్విన చెలమలో తేటగా ఊరే నీరు నిర్జీవమని తోచవచ్చు గాని, ఆ తేటదనానికి కొంత కారణం రేణువుల మీద పాకుడుగా అంటుకొన్న బాక్టీరియా పొరా, ఆ పొరను గీరి తినే ఈ సూక్ష్మ ప్రాణులూ కూడా.

ఆ పొరకు శక్తి ఎక్కడిదని అడిగితే చీకటి జీవావరణాలలో చాలావాటికి వర్తించే మొదటి సమాధానం దొరుకుతుంది. నదిలో కుళ్లిన ఆకు, పొలంలో కుళ్లిన వేరు, కాలువలో చచ్చిన పాచి నీటిలో కరిగి, కంటికి కనిపించని సేంద్రియ పదార్థంగా ఇసుకలోనికి ఇంకుతాయి. బాక్టీరియా దానిని తింటుంది, బాక్టీరియాను బాతినెల్లా తింటుంది. అంటే ఎండ అక్కడికి కిరణంగా రాలేకపోయినా కుళ్లు రూపంలో దిగివస్తోందన్నమాట. ఇలా బయట తయారైన ఆహారం లోపలికి చేరి పోషించే విధానాన్ని బాహ్యపోషణ అనవచ్చు. ప్రపంచంలోని గుహలలో అత్యధికం ఈ పద్ధతిపైనే ఆధారపడి ఉన్నాయి.

రెండవ సమాధానం కూడా కోనసీమ నేలలోనే ఉంది, దాని గుర్తులు ముక్కుకూ కంటికీ తెలుస్తాయి. గోదావరి ముఖద్వారం దగ్గరి మడ అడవుల బురదను కాలితో కదిలిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలి చొరని ఆ నల్లబురదలో కొన్ని బాక్టీరియాలు ప్రాణవాయువుకు బదులు సముద్రజలంలోని సల్ఫేటును వాడుకొని ఆకుల కుళ్లును జీర్ణించుకొంటాయి, అప్పుడు వెలువడే హైడ్రోజన్ సల్ఫైడు వాయువుదే ఆ వాసన. ఈ వాయువులో ఇంకా శక్తి మిగిలి ఉంటుంది. బురద పైపొరలో, గాలి కాస్త తగిలే చోట, వేరొక జాతి బాక్టీరియా దానిని ప్రాణవాయువుతో కలిపి, ఆ చర్యలో పుట్టిన శక్తితో కార్బన్ డయాక్సైడును తన దేహపదార్థంగా మార్చుకొంటుంది. ఇనుము కరిగిన బోరునీరు గాలి తగలగానే తుప్పురంగుకు తిరగడంలోనూ ఇటువంటి బాక్టీరియాలకు చాలాచోట్ల పాలుంటుంది. వెలుతురు లేకుండా, గంధకం, ఇనుము, అమోనియా వంటి పదార్థాల రసాయన శక్తితో ఆహారం తయారు చేసుకొనే ఈ ప్రక్రియకు రసాయన సంశ్లేషణ అని పేరు. రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాద్‌స్కీ 1887లో గంధకపు బాక్టీరియా మీద చేసిన పరిశోధనతో ఈ మార్గం శాస్త్రలోకానికి తెలిసింది.

ఈ రెండు సమాధానాలను వెంటబెట్టుకొని బయలుదేరితే బొర్రా ప్రయాణం వినోదయాత్రకు మించిన అర్థం సంతరించుకొంటుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల వారెవరైనా సాధారణంగా రావులపాలెం చేరి, గౌతమీ వంతెన మీదుగా జొన్నాడ దాటి, రాజమహేంద్రవరంలో రైలెక్కుతారు. దారికి ఎగువన ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీ ఉంది. కోనసీమ కాలువలన్నిటికీ అదే మొదలు. ఆ ఆనకట్ట నీటిని మళ్లించి ఎండను పంటగా మార్చే సామర్థ్యాన్ని డెల్టాలో ఎన్నోరెట్లు పెంచింది. రైలు తుని, అనకాపల్లి మీదుగా విశాఖపట్నం చేరేసరికి కుడిపక్కన సముద్రమూ ఎడమపక్కన తూర్పు కనుమల వరుసా దగ్గరపడతాయి.

విశాఖ నుంచి కొత్తవలస మీదుగా కిరండూల్ వెళ్లే రైలుమార్గం బస్తరు ప్రాంతపు బైలదిలా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960వ దశకంలో నిర్మించినది. శృంగవరపుకోట దాటి, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి స్టేషన్ల మీదుగా సొరంగాల వెంట సొరంగాలలో దూరుతూ రైలు ఘాటెక్కుతుంది. ఈ మార్గంలో 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషనుకు ముందే బొర్రా గుహలు స్టేషను వస్తుంది. ఎదురుగా దిగివచ్చే ఇనుప ఖనిజపు గూడ్సుబండ్లను ప్రయాణికులు దాదాపుగా పట్టించుకోరు గాని, చర్చిస్తున్న విషయానికి వాటితో సంబంధం ఉంది. రెండు వందల కోట్ల సంవత్సరాలకు పూర్వపు సముద్రాలలో కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి అడుగున పేరుకోవడంవల్ల ఇటువంటి నిక్షేపాలు ఏర్పడ్డాయనీ, ఆ మార్పులో సూక్ష్మజీవులు విడుదల చేసిన ప్రాణవాయువుకూ, నేరుగా ఇనుమునే శక్తివనరుగా వాడుకొన్న బాక్టీరియాలకూ పాత్ర ఉండి ఉంటుందనీ భూశాస్త్రజ్ఞులు భావిస్తారు. అదే నిజమైతే, కొన్ని గుహల్లో కనిపించే తుప్పురంగు పొరలలో ఈనాడు సాగుతున్న జీవనవిధానం భూమి బాల్యం నాటిదన్నమాట.

స్టేషను నుంచి గుహ ముఖద్వారానికి కొద్ది దూరం. సముద్రమట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తున, గోస్తనీ నది పుట్టే కొండల్లో ఈ గుహలున్నాయి. ఇక్కడి కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైటు అనే రూపాంతర శిల, దాని నడుమ వేడికీ ఒత్తిడికీ స్ఫటికంగా మారిన పాలరాతి వంటి సున్నపురాయి పట్టీలుగా చొచ్చుకొని ఉంది. వాననీరు కొండమీది మట్టిలోంచి దిగుతున్నప్పుడు వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, సున్నపురాతి పగుళ్లలో దూరి దానిని కరిగిస్తుంది. కరిగిన సున్నం గుహలోని గాలి తగిలి మళ్లీ గట్టిపడితే పైకప్పు నుంచి వేలాడే స్తంభాలు, నేలనుంచి లేచే స్తంభాలు ఏర్పడతాయి. సందర్శకులు వాటిలో శివపార్వతులనూ, ఏనుగునూ, మొసలినీ పోల్చుకొని ఆనందిస్తారు. ఈ నిర్మాణమంతటి వెనుక అడవి శ్వాస ఉంది. మట్టిలో ప్రాణులు లేకపోతే నీటికి అంత ఆమ్లత్వం రాదు, ఇంత గుహా తయారు కాదు. గుహకు ఆహారాన్నే కాక ఆకారాన్ని కూడా ఇచ్చింది కొండమీది పచ్చదనమే.

మెట్లు దిగుతున్నకొద్దీ వెలుతురుతో పాటు ప్రాణివర్గం కూడా మెట్టుమెట్టుగా మారుతుంది. ముఖద్వారం దగ్గర పూలమొక్కలు, మరికొంత లోపల నీడకు ఓర్చే ఫెర్నులు, ఆ తరువాత నాచు, చివరకు రాతిమీద సన్నని పాచిపొర మాత్రమే మిగులుతాయి. ఈ మసకవెలుగు మండలం ముగిసిన చోట కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది. అక్కడినుంచి మొదలయ్యేదే అసలైన చీకటి మండలం. జీవశాస్త్రజ్ఞులు గుహప్రాణులను కూడా మూడు తరగతులుగా విభజించారు. గబ్బిలంవలె ఆశ్రయానికి గుహలోకి వచ్చి మేతకు బయటికి పోయేవి మొదటి తరగతి. కొన్ని సాలీళ్లు, కీచురాళ్లవలె లోపలా బయటా ఎక్కడైనా బతకగలిగేవి రెండవ తరగతి. బయట బతకలేక జీవితకాలమంతా చీకటిలోనే గడిపేవి మూడవ తరగతి. ఈ మూడవ తరగతికి ట్రోగ్లోబైట్లనీ, అవే భూగర్భజలంలో ఉండేవైతే స్టైగోబైట్లనీ పేర్లు. చెలమ నీటిలోని బాతినెల్లా ఈ చివరి వర్గానిది. హాబ్రోబాతినెల్లా ప్రజాతికి చెందిన మరొక జాతి బొర్రా పేరును ధరించి హాబ్రోబాతినెల్లా బొర్రాయెన్సిస్‌గా శాస్త్రగ్రంథాల్లో నమోదైంది.

గుహ పైకప్పులో ఒక రంధ్రముంది. మేత మేస్తున్న ఆవు ఆ రంధ్రంలోంచి లోపల పడగా దానిని వెతుకుతూ వచ్చిన పశులకాపరికి గుహ కనిపించిందనీ, లోపల శివలింగం దొరికిందనీ, ఆవు పొదుగునుంచి గోస్తనీ పుట్టిందనీ స్థానిక గిరిజనుల ఐతిహ్యం. శివరాత్రికి ఇక్కడ భక్తులు చేరతారు. జీవావరణ దృష్టితో చూసినా ఆ రంధ్రానికి ప్రాముఖ్యముంది. అటువంటి దారులగుండానే ఎండుటాకులు, పుల్లలు, వానకు కొట్టుకువచ్చిన మట్టి, కాలుజారిన జంతువుల కళేబరాలు చీకటి లోపలికి చేరుతాయి. వానాకాలపు వరద ఇదే పనిని పెద్ద ఎత్తున చేస్తుంది. పొరుగున ఉన్న బస్తరులోని కాంగేర్ లోయ కోటుంసర్ గుహలో వానాకాలంలో వరదనీరు నిండి సందర్శకుల రాకపోకలు నిలిచిపోతాయి, ఆ వరద తెచ్చిన చెత్తాచెదారమే అక్కడి చూపు మందగించిన చిరుచేపలకూ కీచురాళ్లకూ తరువాతి నెలల గ్రాసం.

పైకప్పు నుంచి ఆహారాన్ని మోసుకొచ్చే మరొక వర్గం గబ్బిలాలు. బొర్రాలో పండ్లు తినే రూసెట్ జాతి గబ్బిలాలు గుంపులుగా వేలాడుతాయి. పండ్లు తినే గబ్బిలాల్లో చాలా జాతులు చూపుమీద ఆధారపడి చెట్లమీదనే కాపురముంటాయి. రూసెట్లు మాత్రం నాలుకతో టకటకమని శబ్దం చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకోగలవు కనుక గాఢమైన చీకటిలోకి కూడా వెళ్లి నివసించగలుగుతాయి. రాత్రి అడవిలో అత్తి, మర్రి వంటి చెట్ల పండ్లు తిని తెల్లవారేసరికి గుహ చేరి, పగలంతా రెట్ట వేస్తాయి. బయట ఎండలో తయారైన చక్కెరలో కొంత ఆ రెట్ట రూపంలో చీకటిలో నేలమీద పోగవుతుంది. దానిలోని నత్రజని, భాస్వరాలు ఇతరత్రా ఎంతో పేదదైన గుహనేలకు పెద్ద సంపద.

రెట్టకుప్ప మీద ఒక చిన్న లోకమే నడుస్తుంది. మొదట బాక్టీరియా, శిలీంధ్రాలు దానిని కుళ్లబెడతాయి. శిలీంధ్రాలను స్ప్రింగ్‌టెయిల్ అనే రెక్కల్లేని చిరుపురుగులూ మైట్లూ మేస్తాయి. బొద్దింకలు, పేడపురుగుల వంటి పెంకుపురుగులు నేరుగా రెట్టనే తింటాయి. వీటన్నిటినీ సాలీళ్లు, జెర్రులు వేటాడతాయి. పండ్లతోపాటు మింగిన గింజలు కొన్నిసార్లు రెట్టలోనే మొలకెత్తి, వెలుతురు లేక పాలిపోయి, కొద్ది రోజుల్లో వాలి చచ్చిపోయి మళ్లీ ఆహారంగానే మారతాయి. ఈ గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా శక్తిలో అధికభాగం వేడిగా పోయి, స్థూలంగా పదోవంతు మాత్రమే పైమెట్టుకు అందుతుంది. బయటి అడవిలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది గాని, గుహలో మొదటి మెట్టే చిన్నది కావడంవల్ల గొలుసు పొట్టిగా ముగుస్తుంది. పెద్ద వేటజంతువును పోషించే శక్తి సాధారణంగా ఏ గుహకూ ఉండదు.

రెట్ట పడని మూలల్లో బతికేవాటికి ఇంకా తక్కువ ఆహారం అందుతుంది. పగుళ్లలోంచి రాలే ప్రతి నీటిచుక్కలో అత్యల్పంగా కరిగిన సేంద్రియ పదార్థం ఉంటుంది, ఒక్కోసారి పైనున్న రాతిపొరల్లో నివసించే సూక్ష్మ క్రస్టేషియన్లు కూడా ఆ చుక్కతో కిందికి రాలతాయి. చుక్కలు చేరిన గుంటలో బతికే ప్రాణి పొదుపుగా జీవించాలి. అందుకే చీకటి ప్రాణులు నెమ్మదిగా కదులుతాయి, నెమ్మదిగా పెరుగుతాయి, కొద్ది గుడ్లనే పెద్దవిగా పెడతాయి, నెలల తరబడి పస్తుండగలుగుతాయి. కన్ను పోవడంలోనూ ఈ పొదుపుకు చోటుంది. మెక్సికో గుహచేపల మీద 2015లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, ఒక గ్రాము బరువున్న చేపపిల్ల విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుచేసే శక్తిలో సుమారు 15 శాతం కంటిచూపుకూ దానికి సంబంధించిన మెదడు భాగానికీ పోతుంది. చూడడానికి ఏమీ లేని చోట ఆ ఖర్చు తప్పించుకొన్నవాటికి మనుగడలో మేలు కలిగి ఉంటుంది.

బొర్రాను చాలా గుహలనుంచి వేరుచేసే అంశం దాని గంధకపు ఊట. చీకటి లోపలి భాగంలో గంధకం కలిసిన నీరు సున్నపురాతి దారుల్లోకి ఊరి, ఆ రాతిని కొంతమేర తినివేస్తుంది; ఆ నీటిమీద జిగురువంటి పొరలు తేలుతుంటాయి. రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల మందాన నారింజరంగులో, అక్కడక్కడ పసుపుపచ్చ మచ్చలతో, సుమారు మూడు మీటర్ల మేర పరచుకొన్న సూక్ష్మజీవుల తెట్టెను భూశాస్త్రజ్ఞులు ఇక్కడ వర్ణించారు. ఎండ సోకని ఇటువంటి ఊటల్లో ఇనుమునూ గంధకాన్నీ శక్తిగా వాడుకొనే బాక్టీరియాలు పెరగడం లోకమంతటా పరిచితమైన విషయం. కోనసీమ మడబురదలో ముక్కుకు తగిలిన రసాయనమే ఇక్కడ కొండ కడుపులో కనిపిస్తుంది. అయినా బొర్రాలో ప్రధాన పోషణ బయటినుంచి వచ్చేదే అనడం సబబు. రసాయన సంశ్లేషణకు ఇక్కడ దక్కేది ఒక మూల మాత్రమే.

రసాయన సంశ్లేషణే మొత్తం గుహను పోషించే తావు ఒకటి రుమేనియాలో నల్లసముద్రపు తీరాన మాంగాలియా పట్టణం దగ్గర ఉంది. 1986లో ఒక నిర్మాణస్థలంలో తవ్విన గొయ్యిలోంచి బయటపడిన మొవిలే గుహ దాదాపు 55 లక్షల సంవత్సరాలపాటు పైలోకంతో సంబంధం లేకుండా మూసుకుపోయి ఉందని శాస్త్రజ్ఞుల అంచనా. దాని గాలిలో ప్రాణవాయువు బయటి గాలిలో సగానికంటే తక్కువ. నీటిలో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను ఉన్నాయి. నీటిమీద తేలే బాక్టీరియా తెట్టెను చిన్నప్రాణులు మేస్తాయి, వాటిని జలగలు, నీటితేళ్లు, జెర్రులు తింటాయి. వెన్నెముక లేని జాతులే యాభైకి పైగా అక్కడ దొరికాయి. 1996లో సార్బు, ఆయన సహచరులు ఆ ప్రాణుల దేహాల్లోని కార్బన్, నత్రజని ఐసోటోపుల నిష్పత్తిని కొలిచి, వాటి ఆహారం పైలోకంనుంచి కాక గుహలోని బాక్టీరియానుంచే వచ్చిందని నిరూపించారు. ఐసోటోపులంటే ఒకే మూలకపు తేలిక, బరువు రూపాలు. ఆహారం తయారైన పద్ధతిని బట్టి వాటి పాళ్లు మారతాయి కనుక అవి తిండి పుట్టుకను పట్టిస్తాయి.

ఇంతటి స్వతంత్ర లోకం కూడా సూర్యుడినుంచి పూర్తిగా విడిపోలేదు. మొవిలే బాక్టీరియాల్లో అధికభాగం హైడ్రోజన్ సల్ఫైడును కాల్చుకొనేది ప్రాణవాయువుతో. ఆ ప్రాణవాయువు పైలోకంలో ఆకులూ పాచీ ఎండలో విడుదల చేసినదే. తిండి చీకటిదే అయినా ఊపిరి వెలుగుది. ఈ అప్పుకూడా లేకుండా బతికేవి అరుదు. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున దొరికిన, 2008లో జన్యుపటం ప్రచురితమైన డీసల్ఫోరూడిస్ అనే బాక్టీరియా వాటిలో ఒకటి. రాతిలోని యురేనియం వికిరణం నీటిని చీల్చగా పుట్టే హైడ్రోజనూ, అదే ప్రక్రియలో తయారయ్యే సల్ఫేటూ దానికి చాలు.

బొర్రా నుంచి విశాఖకు దిగివచ్చినవారికి సముద్రం ఈ చర్చలో చివరి అధ్యాయాన్ని తెరుస్తుంది, అది మళ్లీ కోనసీమ ముంగిటనే ఉంది. తాటిపాక చమురుశుద్ధి కేంద్రమూ, 1995 జనవరిలో మొదలై 65 రోజులు మండిన పాశర్లపూడి బావీ కోనసీమ అడుగున ఇంధనవాయువు ఉన్న సంగతిని అందరికీ తెలిపాయి. తీరానికి ఆవల కృష్ణా గోదావరి బేసినులో, లోతైన సముద్రపు అడుగున, చల్లదనానికీ ఒత్తిడికీ మీథేను నీటితో కలిసి మంచుగడ్డవంటి హైడ్రేటుగా గట్టిపడి ఉంది. 2006లో జరిగిన జాతీయ గ్యాస్ హైడ్రేట్ యాత్ర అక్కడ ఒకచోట వంద మీటర్లకు మించిన మందాన దానిని గుర్తించింది. 2018లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు సింధు సాధన నౌకమీద వెళ్లి, మీథేను అడుగునుంచి ఊరివస్తున్న చోట్లనూ, వాటిని ఆశ్రయించిన ప్రాణిసమూహాన్నీ కనుగొన్నారు. భారత సముద్రజలాల్లో క్రియాశీలంగా ఉన్న ఇటువంటి శీతల ఊటల జీవావరణం వెలుగుచూడడం అదే మొదలు.

కిరణం చేరని ఆ లోతుల్లో ఆల్చిప్పలు, నత్తగుల్లలు, గొట్టపు పురుగులు గుంపులుగా బతుకుతున్నాయి. అడుగుమట్టిలో ఒక సూక్ష్మజీవి మీథేనును, దాని జతగాడైన బాక్టీరియా సముద్రపు సల్ఫేటును వాడుకోగా హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. గొట్టపు పురుగుకు నోరూ పేగూ లేవు గాని దాని దేహంలో కాపురమున్న బాక్టీరియాలు ఆ సల్ఫైడునుంచి ఆహారం తయారుచేసి పెడతాయి. ఇక ఆ మీథేను ఎక్కడిదంటే, గోదావరి, కృష్ణ నదులు యుగాల తరబడి మోసుకొచ్చిన ఒండ్రులో చేరిన ఆకులు, గడ్డి, సముద్రపు పాచి మట్టికింద కూరుకుపోయి, గాలి అందని చోట సూక్ష్మజీవుల వలన వాయువుగా మారినదే అందులో అధికభాగం. కొండ గుహలో నిన్నటి ఎండ గబ్బిలం రెట్టగా పనిచేస్తుంటే, సముద్రపు అడుగున లక్షల ఏళ్లనాటి ఎండ మీథేనుగా పనిచేస్తోంది.

చెలమ ఇసుక, మడబురద, బొర్రా గుహ, సముద్రగర్భం ఈ నాలుగింటినీ ఒక్కచోట చేర్చి చూస్తే చీకటి జీవావరణం విడిగా నిలబడిన రాజ్యమన్న భావన సడలిపోతుంది. రాతిలోని అణుశక్తితో బతికే అరుదైన బాక్టీరియాను మినహాయిస్తే, చీకటి లోకాల్లో చాలా భాగం వెలుగు లోకపు మిగులు మీదనే నడుస్తోంది. మిగులు ఎంత దూరం ప్రయాణించి, ఎన్ని చేతులు మారి, ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదే తేడా. ఈ అవగాహనకు పురాతనత్వం కూడా తోడవుతుంది. హాబ్రోబాతినెల్లా ప్రజాతి మడగాస్కరులోనూ ఉంది. 2011లో రంగారెడ్డి, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు విల్సన్ కలిసి ఆంధ్ర పేరుతో నామకరణం చేసిన ఆంధ్రకాయిడిస్ అనే భూగర్భజల ప్రాణికి చుట్టాలు కాశీ బావుల్లోనూ ఆస్ట్రేలియా నేలకిందా ఉన్నాయి. భారతభూమి గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉన్న కాలంనుంచి ఈ వంశాలు కొద్దిపాటి ఆహారంతోనే నిలిచివచ్చాయని దీన్నిబట్టి శాస్త్రజ్ఞులు ఊహిస్తున్నారు.

కోట్ల ఏళ్లు పస్తులకు ఓర్చిన ఈ ప్రాణులకు కరువుకంటే అకస్మాత్తుగా వచ్చిపడే సమృద్ధి ప్రమాదకరం. సందర్శకులకోసం వెలిగించిన దీపాల చుట్టూ గుహగోడలమీద ఆకుపచ్చని పాచి పెరగడం ప్రపంచంలోని పర్యాటక గుహలలో చాలాచోట్ల కనిపించే సమస్య. ఆ పాచి రాతిని పాడుచేయడమే కాక చీకటికి అలవడిన ప్రాణులను తరిమి బయటి ప్రాణులకు చోటిస్తుంది. జారవిడిచిన తినుబండారం, బట్టల నూలుపోగులు, చేతి జిడ్డు ఇవన్నీ గుహలెక్కలో మోయలేని అదనపు ఆహారమే. మరోవైపు కొండమీది చెట్లు నరికితే, గబ్బిలాలను బెదరగొడితే, పొలాల్లో పురుగుమందు చెలమలోకి ఇంకితే, ఏటి ఇసుకను అడుగుదాకా తోడివేస్తే చీకటికి చేరవలసిన ఆహారమో ఆవాసమో తెగిపోతుంది. అందువల్ల గుహను కాపాడే పని గుహ బయటే మొదలు కావాలి. బొర్రాకు వెళ్లే తెలుగు పాఠకులు రాతిని తాకకుండా, తినుబండారాలు లోపలికి తీసుకుపోకుండా, గబ్బిలాలు వేలాడే చోట కేకలు వేయకుండా తిరిగిరావాలి. నిర్వాహకులు అవసరమైనంతసేపే, అవసరమైనన్ని దీపాలే వెలిగించాలి. కోనసీమ రైతులు తమ బావినీ చెలమనూ నీటికుండగానే కాక ప్రాణుల నివాసంగా కూడా గుర్తించాలి.